ఇంజిన్ దీపం వెలిగినప్పుడు

కారు డ్యాష్‌బోర్డు మీద కనిపించే దీపాలలో ఇంటివారిని ఎక్కువగా కలవరపెట్టేది పసుపుపచ్చని ఇంజిన్ బొమ్మ. ఎర్రని ఆయిల్ దీపం వెలిగితే బండి వెంటనే ఆపాలని దాదాపు అందరికీ తెలుసు. బ్యాటరీ బొమ్మకు అర్థమేమిటో చిన్నపిల్లలు సైతం చెప్పగలరు. ఈ పసుపు దీపం మాత్రం ఏదో లోపం ఉన్నదని అంటుందే గాని, అది ఏమిటో చెప్పదు. బండి చూడబోతే ఎప్పటిలాగే నడుస్తూ ఉంటుంది. అందువల్ల కొందరు దానిని నెలల తరబడి పట్టించుకోరు. మరికొందరు ఆ సాయంత్రమే వర్క్‌షాపుకు వెళ్లి, చెప్పిన భాగాన్ని మార్పించి, అడిగిన సొమ్ము చెల్లించి, వారం తిరగకముందే అదే దీపాన్ని మళ్లీ చూస్తారు.

పిల్లల ఫీజులు, ఇంటి అద్దె, పెద్దల మందులు అన్నీ లెక్క చూసుకొని గడిపే కుటుంబానికి అనవసరంగా మార్చిన ఒక సెన్సర్ ఖరీదు చిన్న భారం కాదు. పైగా ఇది పెద్ద చదువు ఉంటేనే అర్థమయ్యే విషయమూ కాదు. చేతిలో ఫోను, వెయ్యి రూపాయల లోపు దొరికే ఒక చిన్న పరికరం, ఒక కాగితం, కొంత ఓర్పు ఉంటే చాలా సందర్భాలలో కారణాన్ని ఇంటి ముంగిట్లోనే పట్టుకోవచ్చు. మరమ్మతు మనం చేసుకోలేకపోయినా, మెకానిక్కుతో ఏమి మాట్లాడాలో తెలుస్తుంది.

నిలకడగా వెలుగుతున్నదా, ఆరుతూ వెలుగుతున్నదా?

అన్నిటికన్నా ముందు గమనించవలసింది ఇదే. దీపం నిలకడగా వెలుగుతూ, బండి నడకలో తేడా లేకుంటే గాబరా పడనక్కరలేదు. ఇంటికి చేరవచ్చు, రేపు తీరికగా చూసుకోవచ్చు. కానీ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే, దానితోపాటు ఇంజిన్ కుదుపుతూ ఉంటే, ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండటం లేదని అర్థం. అలా మండని పెట్రోలు సైలెన్సర్ గొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. కన్వర్టర్ లోపల తేనెపట్టు వంటి సన్నని గదులతో కూడిన పింగాణీ దిమ్మె ఉంటుంది. ఆ వేడికి అది కరిగిపోతుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి అరుదైన లోహాలు పూసిన భాగం కనుక దాని ఖరీదు ఎంతో ఊహించుకోవచ్చు. కాబట్టి ఆరుతూ వెలిగే దీపంతో హైవే ప్రయాణం తగదు. వేగం తగ్గించి, వీలైనంత త్వరగా బండి పక్కకు ఆపడం మేలు. పసుపు దీపంతోపాటు ఎర్రని ఆయిల్ దీపమో, ఉష్ణోగ్రత దీపమో వెలిగితే ఇక ఆలోచించనవసరం లేదు. అక్కడికక్కడే ఇంజిన్ ఆపివేయాలి.

ఈ దీపం ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని స్వభావం బోధపడుతుంది. ఇది కారు యజమాని సౌకర్యం కోసం ఏర్పాటైనది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో వాహనాల పొగ వల్ల గాలి చెడిపోవడంతో, బండి తన పొగను తానే పరీక్షించుకోవాలన్న చట్టం అక్కడ ముందుగా వచ్చింది. 1996 నుండి ఆ దేశమంతటా అమ్మే కార్లకు ఒకే తరహా ఏర్పాటు తప్పనిసరి అయింది. మన దేశంలో భారత్ స్టేజ్ 4 కార్లకు 2010 ఏప్రిల్ నుండి తొలి దశ, 2013 ఏప్రిల్ నుండి రెండవ దశ అమలులోకి వచ్చాయి. 2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజ్ 6తో నియమాలు మరింత బిగిశాయి. అంటే ఈ దీపం పట్టించుకొనేది ప్రధానంగా పొగనే. బ్రేకు ప్యాడ్లు అరిగిపోయినా అది నోరు విప్పదు. మనకు ఏ తేడా తెలియని ఒక చిన్న తీగ తెగితే మాత్రం వెలిగి కూర్చుంటుంది.

మరొక సంగతి. ఏదైనా లోపం ఒకసారి కనిపించగానే కంప్యూటర్ దీపం వెలిగించదు. దానిని తాత్కాలికంగా రాసుకొని, తరువాతి ప్రయాణంలో కూడా అదే కనిపిస్తే అప్పుడు వెలిగిస్తుంది. వరుసగా మూడు ప్రయాణాలలో లోపం కనిపించకపోతే సాధారణంగా తానే ఆర్పివేస్తుంది. అయినా ఆ లోపం తాలూకు సంకేతం దాని జ్ఞాపకంలో మరి కొంతకాలం నిలిచే ఉంటుంది. ఇంజిన్ సుమారు 40 సార్లు చల్లబడి వేడెక్కిన తరువాతనే అది చెరిగిపోతుంది. కాబట్టి దీపం ఆరిపోయిందని ఊరుకోవద్దు. సంకేతాన్ని ఆ తరువాత కూడా చదవవచ్చు.

పరికరం, దానిని వాడే తీరు

స్టీరింగ్ కింద, డ్రైవరు మోకాళ్లకు దగ్గరగా, 16 రంధ్రాలతో కొద్దిగా ఏటవాలు అంచులున్న ఒక ప్లాస్టిక్ సాకెట్ ఉంటుంది. కొన్ని బండ్లలో దానిపై చిన్న మూత ఉంటుంది. దానికి తగిలించే బ్లూటూత్ అడాప్టర్లు ఆన్‌లైన్‌లోను, కార్ల సామాన్లు అమ్మే దుకాణాలలోను లభిస్తాయి. ఎక్కువ వాటిపై ఈఎల్‌ఎం327 అని రాసి ఉంటుంది. కొనేముందు మీ ఫోను ఏదో చూసుకోండి. చవకైన బ్లూటూత్ అడాప్టర్లు ఆండ్రాయిడ్ ఫోన్లతో పనిచేస్తాయి గాని, ఐఫోనుతో సాధారణంగా కలవవు. ఐఫోనుకు వైఫై రకమో, దానికి సరిపడుతుందని స్పష్టంగా రాసి ఉన్న రకమో తీసుకోవాలి. ఫోనులో వేసుకొనే యాప్‌లలో టార్క్, కార్ స్కానర్ వంటివి ప్రసిద్ధం. ఉచితంగా దొరికే భాగమే మన పనికి చాలు.

తాళం చెవి తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచి, ఫోనును అడాప్టర్‌తో జత చేయండి. సంకేతాలు తెర మీదికి వస్తాయి. ఇక్కడ చాలామంది తొందరపడతారు. యాప్‌లో “చెరిపివేయి” అన్న మీట కళ్ల ముందే ఉంటుంది. దానిని ముట్టుకోవద్దు. సంకేతంతోపాటు, లోపం కనిపించిన క్షణంలో బండి ఎంత వేగంతో వెళుతున్నదో, ఇంజిన్ ఎంత వేడిగా ఉన్నదో, ఎన్ని చుట్లు తిరుగుతున్నదో కూడా కంప్యూటర్ నమోదు చేసి ఉంచుతుంది. దీనిని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. చెరిపితే ఇదంతా పోతుంది. ముందుగా తెరను ఫొటో తీసుకోండి, కాగితం మీద రాసుకోండి. పని పూర్తయ్యాక అడాప్టర్‌ను తీసివేయండి. రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీని కొద్దికొద్దిగా తాగేస్తుంది. పైగా చవక రకాలకు రక్షణ లేనందువల్ల పక్కనున్నవారు ఎవరైనా తమ ఫోనుతో జత కలుపుకోగలరు.

సంకేతం ఒక అక్షరం, నాలుగు అంకెలతో ఉంటుంది. “పి” అంటే ఇంజిన్, గేర్‌బాక్సులకు సంబంధించినది. తరువాతి అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం. 1 అయితే ఆ కంపెనీ సొంత సంకేతం. మూడవ స్థానంలోని అంకె విభాగాన్ని తెలుపుతుంది. 1 లేక 2 అయితే గాలి, ఇంధనం. 3 అయితే నిప్పురవ్వ, అంటే ప్లగ్గులు, కాయిళ్లు. 4 అయితే పొగను శుభ్రపరిచే భాగాలు. 7 అయితే గేర్‌బాక్సు. ఇంతవరకు తెలిస్తే చాలు, మిగిలినది యాప్ చెబుతుంది.

కానీ యాప్ చెప్పేది ఏమిటి? ఇక్కడే అసలు విషయం ఉంది. సంకేతం పాడైన భాగం పేరు చెప్పదు. కంప్యూటర్‌కు కనిపించిన లక్షణాన్ని మాత్రమే చెబుతుంది. జ్వరమానిని 102 చూపితే జ్వరం ఉన్నదని తెలుస్తుంది. అది మలేరియానా, టైఫాయిడా అన్నది ఆ గాజు గొట్టానికి తెలియదు. అలాగే “గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ” అని సంకేతం వస్తే, ఆ మాట చెప్పినది ఆక్సిజన్ సెన్సర్ కావచ్చు. అంతమాత్రాన సెన్సర్ చెడిపోయిందని కాదు. పలు సందర్భాలలో అది తన విధి చక్కగా నిర్వర్తించినందువల్లనే ఆ సంకేతం వచ్చి ఉంటుంది. కబురు తెచ్చినవాడినే కొట్టి పంపినట్లు, మంచి సెన్సర్‌ను తీసి పారేసే పని మన వర్క్‌షాపులలో ప్రతిరోజూ జరుగుతున్నది.

మాస్టరు గారి కారు

నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుని కారు సంగతి దీనికి మంచి ఉదాహరణ. కర్నూలులో నివాసం. పదేళ్ల నాటి పెట్రోలు బండి, నాలుగు సిలిండర్లు. దీపం వెలిగింది, పి0171 అన్న సంకేతం వచ్చింది. గాలి మోతాదు మించిందని దాని అర్థం. “మాస్టరు సాబ్, గాలీ పెట్రోలూ లెక్క చూసేది ఆక్సిజన్ సెన్సరే కదా, అదే పోయింది” అన్నాడు మెకానిక్కు. సెన్సర్ మారింది, వేలలో ఖర్చయింది. నాలుగు రోజుల తరువాత దీపం మళ్లీ వెలిగింది. ఈసారి పెట్రోలు పంపు మార్చాలన్నారు.

మాస్టరు గారి రెండవ కుమార్తె పాలిటెక్నిక్ చదువుతున్నది. వాళ్ల మామూ దగ్గర ఉన్న అడాప్టర్ తెచ్చి, “అబ్బాజాన్, పంపు సంగతి తరువాత చూద్దాం. ఒకసారి బండి స్టార్ట్ చేసి అలాగే ఉంచండి” అన్నది. ఆమె చూసినది ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇంట్లో కూర్చుని లోపాన్ని పట్టుకోవడానికి ఇంతకన్నా ఉపయోగపడే అంకె మరొకటి లేదు.

పెట్రోలు ఒక వంతు పూర్తిగా మండటానికి బరువులో సుమారు 14.7 వంతుల గాలి కావాలి. కంప్యూటర్ ఆ నిష్పత్తికి తగినట్లు పెట్రోలు వదులుతుంది. ఆక్సిజన్ సెన్సర్ పొగను చూసి, తక్కువైందో ఎక్కువైందో చెబుతుంది. దానినిబట్టి కంప్యూటర్ తన లెక్కకు కొంత శాతం కలుపుతుంది లేదా తీసివేస్తుంది. అప్పటికప్పుడు చేసే సవరణ ఒకటి, అలవాటుగా మారిన దీర్ఘకాల సవరణ మరొకటి. ఆరోగ్యంగా ఉన్న బండిలో ఈ రెండూ సున్నాకు అటూ ఇటూ కొద్ది శాతంలో ఉంటాయి. పదికి మించితే ఏదో ఉన్నదని అనుమానించాలి. రెండూ కలిసి సుమారు 20 నుండి 25 శాతం దాటితే ఇక సర్దుకోలేనని కంప్యూటర్ దీపం వెలిగిస్తుంది. ఆ హద్దు కంపెనీని బట్టి మారుతుంది.

మాస్టరు గారి బండి ఐడ్లింగులో ఉన్నప్పుడు దీర్ఘకాల సవరణ 19, అప్పటి సవరణ 6 చూపింది. యాక్సిలరేటర్ మెల్లగా తొక్కి నిమిషానికి 2500 చుట్ల దగ్గర నిలిపితే మొత్తం 5కు పడిపోయింది. అంతే, రోగం బయటపడింది. ఐడ్లింగులో ఇంజిన్ పీల్చే గాలి చాలా తక్కువ. ఎక్కడో ఒక చీలిక ద్వారా దొంగగాలి వస్తుంటే ఆ కొద్ది గాలిలో అది పెద్ద భాగమవుతుంది. చుట్లు పెంచినప్పుడు ఇంజిన్ చాలా గాలి పీల్చుతుంది. ఆ ప్రవాహంలో చీలిక నుండి వచ్చేది లెక్కలోకి రాదు. అదే పెట్రోలు పంపు బలహీనపడి ఉంటే ఇందుకు విరుద్ధంగా జరిగేది. ఐడ్లింగులో అంతా బాగుండి, చుట్లూ బరువూ పెరిగేకొద్దీ, గుట్ట ఎక్కేటప్పుడు, సవరణ అంకె పెరిగేది. పంపు మార్చమన్న సలహా ఈ రెండు అంకెలతోనే తేలిపోయింది.

ఇక చీలిక ఎక్కడ? బానెట్ ఎత్తి, ఇంజిన్ తిరుగుతుండగా, గుడ్డలు ఇస్త్రీ చేసేటప్పుడు వాడే నీటి స్ప్రే సీసాతో రబ్బరు గొట్టాల మీద ఒక్కొక్క చోట కొద్దిగా చల్లారు. వైర్ల కనెక్టర్ల మీద నీరు పడకుండా జాగ్రత్తపడ్డారు. ఇంజిన్ పైనుండి గాలి గొట్టంలోకి వెళ్లే వంకర రబ్బరు గొట్టం అడుగున నీరు పడగానే ఇంజిన్ శబ్దం మారింది. తీసి చూస్తే అడుగువైపు, కంటికి కనిపించని చోట, అంగుళం పొడవున పగులు. కర్నూలు ఎండలకు, ఇంజిన్ వేడికి పదేళ్లలో రబ్బరు బిరుసెక్కి పగలడంలో ఆశ్చర్యం లేదు. కొత్త గొట్టం ఖరీదు 200 రూపాయలు కూడా కాలేదు. కొందరు మెకానిక్కులు ఈ పరీక్షకు నీటికి బదులు కార్బురేటర్ క్లీనర్ చల్లుతారు. అది మండే ద్రవం. వేడెక్కిన ఇంజిన్ మీద దానిని ఇంటివారు వాడకూడదు.

ఈ ఉదాహరణ అన్ని బండ్లకూ యథాతథంగా వర్తించదని గమనించాలి. లోపలికి వచ్చే గాలిని నేరుగా కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బండ్లలోనే చీలిక ఇలా బయటపడుతుంది. చిన్న కార్లలో చాలావాటికి గాలి ఒత్తిడిని మాత్రమే కొలిచే మాప్ సెన్సర్ ఉంటుంది. వాటిలో దొంగగాలిని కూడా కంప్యూటర్ మామూలు గాలిగానే లెక్కిస్తుంది. అందువల్ల సంకేతం రాకుండా ఐడ్లింగు వేగం పెరిగి, ఇంజిన్ అరుస్తున్నట్లు అనిపించడం ఎక్కువ. అలాగే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత బండిలో పోసినప్పుడు సవరణ కొద్ది శాతం పైకి జరుగుతుంది. ఇథనాల్ మండటానికి గాలి తక్కువ చాలడమే ఇందుకు కారణం. అది లోపం కాదు. కానీ అప్పటికే చిన్న చీలిక ఉన్న బండిని ఆ కొద్దిపాటి తేడా హద్దు దాటించవచ్చు.

ఖర్చు లేని మరికొన్ని పరీక్షలు

నాలుగు సిలిండర్ల బండిలో పి0301 నుండి పి0304 వరకు వచ్చే సంకేతాలు ఏ సిలిండర్‌లో మంట తప్పుతున్నదో చెబుతాయి. చివరి అంకె సిలిండర్ సంఖ్య. పి0302 వచ్చిందనుకుందాం. ప్రతి సిలిండర్ మీద విడివిడిగా కాయిల్ ఉన్న బండి అయితే, ఇంజిన్ చల్లారిన తరువాత, తాళం తీసివేసి, రెండవ సిలిండర్ కాయిల్‌ను మూడవదాని మీదికి, మూడవదాన్ని రెండవదాని మీదికి మార్చండి. సంకేతం చెరిపి బండి నడపండి. ఇప్పుడు పి0303 వస్తే లోపం కాయిల్‌తోపాటు కదిలినట్లే. ఆ ఒక్క కాయిల్ మారిస్తే చాలు. మళ్లీ పి0302 వస్తే కాయిల్ నిర్దోషి. అప్పుడు ప్లగ్గులను ఇదే విధంగా మార్చి చూడాలి. అయినా రెండవ సిలిండర్ వద్దనే నిలిచి ఉంటే ఇంజెక్టరో, కంప్రెషనో చూడవలసి ఉంటుంది. అది వర్క్‌షాపు పని. నాలుగు కాయిళ్లూ ఒకేసారి మార్చమనే సలహాకు ఈ అరగంట పరీక్ష చక్కని జవాబు.

సర్వీసింగు చేయించుకొని వచ్చిన రోజే దీపం వెలిగితే కొత్త లోపం పుట్టిందని భయపడకండి. ఎయిర్ ఫిల్టర్ మార్చినవారు పక్కనున్న సెన్సర్ కనెక్టర్‌ను తిరిగి బిగించడం మరిచి ఉండవచ్చు. అప్పుడు పి0113 వంటి సంకేతం వస్తుంది. యాప్‌లో లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత చూడండి. మే నెల మధ్యాహ్నం అది మైనస్ 40 డిగ్రీలు చూపుతుంటే నవ్వుకొని బానెట్ ఎత్తండి. తీగ తెగినా, కనెక్టర్ ఊడినా కంప్యూటర్‌కు కనిపించే అంకె అదే.

వానాకాలంలో బానెట్ కింది వెచ్చదనానికి ఎలుకలు చేరతాయి. కొరికిన తీగలు, గడ్డిపోచలు, గుడ్డపీలికలు కనిపిస్తే మిగిలిన పరీక్షలన్నీ ఆపి ముందు ఆ తీగల సంగతి చూడాలి. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు సంకేతాలు ఒక్కసారిగా వచ్చాయా? నాలుగు భాగాలు ఒకే రోజు చెడిపోవడం అరుదు. బ్యాటరీని, దాని ఎర్త్ వైరును అనుమానించండి. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.5 నుండి 14.5 వోల్టుల వరకు ఉండాలి. టెర్మినళ్ల మీద తెల్లని పొడి పేరుకొని ఉంటే శుభ్రపరిచి బిగించండి.

అమెరికాలో ఉన్న బంధువులు దీపం గురించి వినగానే “పెట్రోలు ట్యాంకు మూత గట్టిగా బిగించావా?” అని అడుగుతారు. అక్కడ అది సరైన ప్రశ్నే. అక్కడి నియమాల ప్రకారం ట్యాంకు నుండి పెట్రోలు ఆవిరి బయటికి పోతున్నదా అని కారు తానే పరీక్షించుకోవాలి. మూత వదులైతే పి0455 వంటి సంకేతం వస్తుంది. మన నియమాలు ఐరోపా పద్ధతిని అనుసరించినవి. ఆ ఆవిరి పరీక్ష వాటిలో తప్పనిసరి కాదు. కాబట్టి మూత బిగించి మూడు రోజులు ఎదురుచూడటం ఇక్కడ ఎక్కువ కార్లలో కాలయాపనే.

పి0420 వస్తే కన్వర్టర్ పని మందగించిందని అర్థం. వర్క్‌షాపు వారు వెంటనే దాని ధర చెబుతారు. ఒప్పుకొనే ముందు మూడు సంగతులు చూడాలి. సైలెన్సర్ గొట్టంలో, ముఖ్యంగా వెనుక సెన్సర్‌కు ముందు, పగులు ఉన్నదా? మంట తప్పుతున్న సంకేతం కూడా ఉన్నదా? ఇంజిన్ ఆయిల్ తగ్గుతున్నదా? ఈ మూడింటిలో ఏది ఉన్నా ముందు దానిని సరిచేయాలి. లేకుంటే కొత్త కన్వర్టర్ కూడా పాతదాని దారే పడుతుంది. యాప్‌లో వెనుక ఆక్సిజన్ సెన్సర్ గీతను చూడండి. ఇంజిన్ వేడెక్కి, వేగం నిలకడగా ఉన్నప్పుడు అది 0.6, 0.7 వోల్టుల వద్ద దాదాపు కదలకుండా ఉంటే కన్వర్టర్ పనిచేస్తున్నది. ముందు సెన్సర్‌లాగే 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగుతుంటే దాని ఆయుష్షు తీరింది. లోపలి దిమ్మెను పగలగొట్టి ఖాళీ డబ్బా బిగిస్తామనే వారు కూడా ఉన్నారు. అది చట్టవిరుద్ధం. ఆ బండి వెనుక పొగ పీల్చేది మన వీధి పిల్లలే.

ఇంట్లో చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, మనిషిని తెలియకుండానే చంపుతుంది. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీయరాదు. ఇంజిన్ తిరుగుతుండగా దుపట్టా, చున్నీ, వదులు చొక్కా చేతులు బెల్టు దగ్గరికి పోనీయరాదు, పిల్లలను దరిచేరనీయరాదు. పెట్రోలు గొట్టాలను విప్పవద్దు, వాటిలో ఒత్తిడి ఉంటుంది. హైబ్రిడ్ బండిలో నారింజ రంగు తీగలను అసలు ముట్టరాదు. వారంటీ ఉన్న బండి అయితే సంకేతం చదివి రాసుకోవడం వరకే మన పని. డీజిల్ బండ్ల లెక్క వేరు. భారత్ స్టేజ్ 6 డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఎప్పుడూ బజారు వరకే తిరిగే బండిలో అది నిండిపోతుంది; దాని దీపం వేరుగా వెలిగితే యజమాని పుస్తకంలో చెప్పిన వేగంతో కొంతసేపు ఆగకుండా నడపాలి.

వర్క్‌షాపుకు వెళ్లక తప్పనప్పుడు ఆ కాగితం వెంట తీసుకెళ్లండి. సంకేతాలు, ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలు, దీపం ఎప్పుడు వెలిగింది, అంతకుముందు వారంలో బండికి ఏ పని జరిగింది అన్నవి అందులో ఉండాలి. “ఈ భాగమే పోయిందని ఏ పరీక్షతో తేల్చారు భాయ్?” అని మర్యాదగా అడగండి. పని తెలిసిన మెకానిక్కు ఈ ప్రశ్నకు నొచ్చుకోడు, సంతోషంగా చూపిస్తాడు. అటువంటివాడు దొరికితే పరీక్షించినందుకు కూలి ఇవ్వడానికి వెనుకాడకండి. ఏ భాగమూ మార్చలేదు కదా, డబ్బెందుకు అనే మన ధోరణి వల్లనే చాలామంది పరీక్ష మాని భాగాలు మారుస్తున్నారు. తీసిన పాత భాగాన్ని ఇంటికి తీసుకువెళతామని ముందే చెప్పి ఉంచండి.

పాత కారు కొనేటప్పుడు

ఈ పరికరం అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకు వచ్చేది పాత కారు కొనేటప్పుడు. అమ్మే ముందు రోజు సంకేతాలు చెరిపి దీపం ఆర్పడానికి నిమిషం పట్టదు. సరుకులోని లోపాన్ని కొనేవానికి చెప్పి తీరాలన్నది మన ఇళ్లలో పిల్లలకు సైతం తెలిసిన నియమం. అయినా పాత కార్ల బజారులో దీనిని మోసంగా కూడా లెక్కించని వారున్నారు.

మొదట తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా డ్యాష్‌బోర్డు చూడండి. ఆ సమయంలో ఇంజిన్ దీపం వెలగాలి. స్టార్ట్ కాగానే ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దీపాన్నే తీసివేశారేమోనని అనుమానించాలి. తరువాత అడాప్టర్ పెట్టి రెండు విషయాలు చూడండి. కంప్యూటర్ తన భాగాలపై తాను జరుపుకొనే పరీక్షలు పూర్తయ్యాయా లేదా అన్నది ఒకటి. యాప్‌లో ఇది రెడీనెస్ అన్న పేరుతో ఉంటుంది. సంకేతాలు చెరిపితే ఈ పరీక్షలన్నీ మొదటికి వస్తాయి. తిరిగి పూర్తికావడానికి ఊళ్లోను, హైవే మీద కలిపి కొన్ని రోజుల ప్రయాణం కావాలి. సంకేతాలు చెరిపిన తరువాత బండి తిరిగిన దూరం రెండవది. 70,000 కిలోమీటర్లు తిరిగిన బండిలో ఆ దూరం 11 కిలోమీటర్లు అని కనిపిస్తే, నిన్నో మొన్నో ఎవరో చెరిపారన్నమాట.

అయితే తొందరపడి నింద వేయకూడదు. బ్యాటరీ విప్పినా చాలా బండ్లలో ఈ లెక్కలు మొదటికి వస్తాయి. కొత్త బ్యాటరీ వేయించి ఉంటే బిల్లు చూపమనండి, దాని మీది తేదీ చూడండి. బిల్లు లేకుంటే మరొక నాలుగైదు రోజులు బండిని మామూలుగా నడిపి, 100 కిలోమీటర్లు దాటిన తరువాత మళ్లీ చూపించమని కోరండి. లోపం ఉంటే దీపం ఈలోగా సాధారణంగా తిరిగి వెలుగుతుంది, లేదా తాత్కాలిక సంకేతంగానైనా కనిపిస్తుంది. అంతవరకు ఆగలేను, బయానా ఇప్పుడే కావాలని అమ్మేవారు పట్టుబడితే మరొక కారు చూసుకోండి.